జమా ఖర్చులు: చెయ్యిలు కడుక్కున్న బుజ్జిగాడు



ఈ శీర్షికలో ఇంతవరకు డిపాజిట్లు, వడ్డీలు, నామినేషన్లు అంటూ మీ బుర్ర తిన్నాను. ఈసారి ఏ బ్యాంకు లాకరులోనూ దాచలేని సొమ్ము గురించి నాలుగు ముక్కలు రాస్తాను. అది మన ఇళ్ళలోని పసివాళ్ళ మాటలు. తిరువళ్ళూరులోనూ, తిరుత్తణిలోనూ ఉద్యోగం చేసిన రోజుల్లో కౌంటరు దగ్గర, ఎలక్ట్రిక్ రైల్లో, పెళ్ళి పందిళ్ళలో నేను విన్నవీ, మిత్రులు చెప్పినవీ కొన్ని మీ ముందుంచుతున్నాను.

ముందు మా వృత్తి సంగతే. ఒక ఖాతాదారు పాసుపుస్తకం చూసి, "వడ్డీ పడింది" అని సంతోషపడుతుంటే పక్కనున్న నాలుగేళ్ళ కొడుకు అడిగాడు: "నాయనా, వడ్డీ ఎవరు వడ్డిస్తారు? ఆ కళ్ళద్దాల మామేనా?" ఆ కళ్ళద్దాల మామను నేనే! ఆ రోజు నుంచి మా స్టాఫంతా వడ్డీ లెక్క కట్టేటప్పుడు "సార్, వడ్డించమంటారా?" అనేవారు.

తిరుత్తణి కొండ మెట్లు మీకు తెలిసినవే. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని, 365 మెట్లని చెబుతారు. ఒక తండ్రి ఈ సంగతి కూతురికి చెబుతూ ఎక్కిస్తున్నాడు. ముప్ఫై మెట్లు కూడా కాకముందే ఆ పిల్ల చతికిలబడి, "అట్లయితే ఈ రోజు మెట్టు ఒకటి ఎక్కితే చాలు గదా నాయనా? మిగతావి రోజుకొకటి ఎక్కుదాం" అనింది. రికరింగ్ డిపాజిట్ పద్ధతిని ఇంత తేలిగ్గా నేను ఎవరికీ వివరించలేకపోయాను.

ఇక రెండు భాషల మధ్య పెరిగే పిల్లల చమత్కారం వేరు. ఎల్.కె.జి. చదివే ఒక పాప ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "టీచరు నన్ను నల్ల పిల్ల అనింది!" పాపం, ఆవిడ తమిళంలో "నల్ల పిళ్ళై", అంటే మంచి బిడ్డ అని మెచ్చుకుంది. తండ్రి నవ్వి, తమిళంలో నల్ల అంటే మంచి అని అర్థం చెప్పాడు. పాప కళ్ళు తుడుచుకుని, ఆయన ముఖం ఎగాదిగా చూసి, "అట్లయితే నువ్వు రెండు భాషల్లోనూ నల్ల నాయనవే!" అని మెడ చుట్టేసుకుంది. ఆయన ఆ మాటను ఎన్ని ప్రమోషన్లకైనా మార్చుకోనంటాడు.

ఇంకో ఇంట్లో కోడలు, "అత్తా, మాత్ర తెచ్చేదా?" అని అడిగింది. "ఇప్పుడు అవసరం లేదులే" అని పెద్దావిడ జవాబు. ఐదేళ్ళ మనవడు పరుగున పోయి తల్లికి చెప్పాడు: "అమ్మా, అవ్వకు అర్జెంటు లేదంట. మెల్లగా తెచ్చియ్యి." తమిళంలో అవసరం అంటే తొందర మరి. వాడి అనువాదంలో తప్పేముంది?

ఒక బుజ్జిగాడు అన్నానికి కూర్చుంటూ "అమ్మా, చెయ్యిలు కడుక్కున్నా" అంటాడు. మనం నవ్వుతాం. కాని వాడి లెక్క చూడండి. కాకి, కాకులు, బొమ్మ, బొమ్మలు, కాబట్టి చెయ్యి, చెయ్యిలు. "చెయ్యిలు" అని వాడికి ఎవరూ నేర్పలేదు. సూత్రం వాడే పట్టుకున్నాడు. మన తెలుగే వాడి దగ్గర మాట తప్పి "చేతులు" అనింది! అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు 1958లో ఈ విషయమే నిరూపించారు. లేని జంతువు బొమ్మ గీసి, దానికి "వగ్" అని పేరుపెట్టి, రెండుంటే ఏమంటారని అడిగితే, ఎన్నడూ వినని ఆ మాటకు కూడా పసివాళ్ళు బహువచనం చెప్పేశారు. రష్యాలో కోర్నీ చుకోవ్‌స్కీ ఇటువంటి పిల్లల మాటలు ఏరి పుస్తకమే వేశారు. మనకైతే ముళ్ళపూడి వెంకటరమణ గారి "బుడుగు" ఉండనే ఉన్నాడు, బాపు గారి బొమ్మలతో సహా.

అయితే హైదరాబాదులోని బుడుగుకూ, తిరుత్తణిలోని బుడుగుకూ ఒక తేడా ఉంది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మార్పుతో అది మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఊరు కదలలేదు, ఇంటి భాషా మారలేదు, బడి మాత్రం మెల్లమెల్లగా మారింది. 2006లో చేసిన చట్టం ప్రకారం 2006–07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావలసిందే, ఉన్న ఊరి భాష రాకుండా బతుకెట్లా? కాని దాని ఫలితంగా మన పిల్లల్లో చాలామందికి తెలుగు బడి అంటే వంటిల్లే, తెలుగు పంతులమ్మ అంటే అమ్మే, అవ్వే.

అందుకే ఒక సంగతి నన్ను కలవరపెట్టింది. తిరువళ్ళూరులో నేనెరిగిన ఒక కుటుంబంలో ఆరేళ్ళ పాప తెలుగూ తమిళమూ కలిపి గలగల మాట్లాడేది. చుట్టాలొచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు, "ఏదీ, ఆ మాట మళ్ళీ అను" అని అనిపించి పగలబడి నవ్వేవారు. అందులో ద్వేషం లేదు, అంతా ముద్దే. కాని కొన్నాళ్ళకు ఆ పాప తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో మాట్లాడితే ఎవరూ నవ్వరు గదా! ఇప్పుడు పెళ్ళీడుకొచ్చింది. అవ్వ చెప్పేది అర్థమవుతుంది, బదులు మాత్రం తెలుగులో రాదు. అవ్వకేమో ఇంగ్లీషు రాదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకుని ఊరుకుంటారు.

కాబట్టి అమ్మలకు, నాన్నలకు నా మనవి ఇది. "చెయ్యిలు కడుక్కున్నా" అని బిడ్డ అంటే, "అట్లా కాదు" అని ఆపకండి. "భేష్, చేతులు కడుక్కున్నావా, రా, బువ్వ తిందాం" అనండి. సరైన మాట దానంతట అదే జమ అవుతుంది. రెండు భాషలు కలిపేస్తున్నారని కంగారుపడకండి. రెండిళ్ళ మధ్య తిరిగే బిడ్డ రెండిళ్ళ సామానూ మోస్తుంది, అది సహజమే. నలుగురిలో అనిపించి నవ్వడం మానండి. ముచ్చటగా ఉంటే ఆ మాటను తారీఖు వేసి ఒక నోటు పుస్తకంలో రాసి దాచండి. బిడ్డ పెళ్ళినాడు చదివి వినిపించవచ్చు. అప్పుడు అందరికంటే ముందు నవ్వేది ఆ బిడ్డే.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. శలవు.