బ్రేకులు లేని పందెం

స్పీడ్‌వే మోటారు సైకిలుకు బ్రేకులుండవు. అండాకారపు బాటపై నలుగురు చోదకులు ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ నాలుగు చుట్లు పూర్తిచేయాలి. ముందున్నవాడు పడిపోతే వెనుకనున్నవాడికి తప్పుకునే వ్యవధి తక్కువ.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక బ్రిటన్‌లో జనం ఈ క్రీడకు విరగబడ్డారు. 1949లో వెంబ్లీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ అంతిమ పోటీని దాదాపు 93,000 మంది తిలకించారు. విజేత టామీ ప్రైస్ పేరు చరిత్రకెక్కింది.

మరుసటి ఏడాది జూలై 1న, యుద్ధానికి ముందే పేరుగాంచిన జో ఆబట్ బ్రాడ్‌ఫర్డ్‌లోని ఆడ్సాల్ మైదానంలో పడి మరణించాడు. అదే రాత్రి మరొక పందెంలో హాలిఫాక్స్ జట్టు చోదకుడు జాక్ షెడ్ అసువులు బాశాడు. 1952లో లండన్‌లోని వెస్ట్ హామ్ బాట అమెరికన్ ఎర్నీ రోచియోను బలిగొన్నది.

విజేతల పట్టికలో వీరి పేర్లు లేవు. ఆనాటి కేరింతలకు మూల్యం చెల్లించినవారు మాత్రం వీరే.