వైన్స్‌లో లేని వైను

మా రహమత్ నగర్ నుంచి యూసఫ్‌గూడ వైపు దిగే దారిలో రెండు రకాల బోర్డులు తరచు పక్కపక్కనే కనబడతాయి. ఒకటి 'వైన్స్', రెండోది 'ఫాస్ట్ ఫుడ్'. మన నగరాల్లో ఈ రెండు మాటలకూ నిఘంటువుతో సంబంధం తెగిపోయి చాలాకాలమైంది. వైన్స్ అంటే విస్కీ, బ్రాందీ, బీరు దొరికే చోటు. అక్కడ నిలబడి ద్రాక్షరసంతో చేసిన సరుకేదైనా ఉందా అని అడిగితే, ఇనుపజాలీ వెనక కుర్రవాడు ముందు మన ముఖం చూస్తాడు, తరువాత దుమ్ముపట్టిన పైఅర చూస్తాడు. బుడగలు వచ్చేది కావాలంటే బీరు చూపిస్తాడు. ఇక ఫాస్ట్ ఫుడ్ అంటే అమెరికావాళ్ళ బర్గరు కాదు. పెద్దమంట మీద మూకుడు గలగలలాడిస్తూ విసిరే నూడుల్సు, ఎగ్ ఫ్రైడ్ రైస్, మంచూరియా, చికెన్ 65. ఆ మంచూరియాకైనా మంచూరియాతో చుట్టరికం లేదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో ముంబయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో దాన్ని మొదట వండాడని చెబుతారు. చికెన్ 65 తనదేనని చెన్నైలోని బుహారీ హోటలు అంటుంది.

పేర్లు ఎలా ఉన్నా, ఈ రెండు బోర్డులూ నిజంగా కలవవలసిన చోటు ఒకటుందని నా అభిప్రాయం. అది పర్మిట్ రూము కాదు, జూబిలీహిల్స్ కొండమీది గాజుమేడలూ కావు. మా ఇంటి ముందుగదిలో పరిచిన చాప. పొట్లంలో నూనె ఓడుతున్న పకోడీ, పక్కన చల్లగా చెమర్చిన బుడగల ద్రాక్షాసవం సీసా. ఈ మాట అన్నందుకు నన్ను రెండు వైపుల వాళ్ళూ కోప్పడ్డారు. ఇంట్లోకి మందేమిటని కొందరు. అంత గొప్ప పానీయాన్ని బండిమీది బజ్జీతో తాగడమేమిటని మరికొందరు. రెండోవాళ్ళకు జవాబు తేలిక, కనుక ముందు వాళ్ళ సంగతి చూస్తాను.

షాంపేను అనే పేరు ఫ్రాన్సు దేశపు ఈశాన్యాన ఉన్న ఒక ప్రాంతానిది. అక్కడి ద్రాక్షతో, అక్కడి నియమాలతో చేసినదానికే ఆ పేరు చెల్లుతుంది. మిగిలినవన్నీ బుడగల వైన్లే. పద్ధతి మాత్రం ఎవరైనా పాటించవచ్చు. ఒకసారి పులిసిన ద్రాక్షాసవంలో మళ్ళీ కాస్త చక్కెర, కాస్త ఈస్టు వేసి సీసా బిగిస్తారు. లోపల రెండోసారి పులుస్తుంది. పుట్టిన వాయువుకు బయటికి దారి లేక రసంలోనే కరిగిపోతుంది. సీసాలో పీడనం ఐదారు అట్మాస్ఫియర్ల దాకా పోతుంది, అంటే కారు టైరులో ఉండేదానికి రెండు మూడు రెట్లు. ఆ గాజు అంత మందంగా ఉండడానికి కారణం అదే. డాబు కాదు.

ఇంత చదివి ఇదేదో పరాయి విద్య అనుకోకండి. తెల్లవారుజామున చెట్టు దింపిన కల్లు లొట్టిలో చెవి పెట్టి వినండి. చిటచిటమంటుంది. గాలిలోని ఈస్టు ఆ తీపిని తింటూ అదే వాయువును వదులుతోందన్నమాట. మన బుడగల పానీయం మనకు ఎప్పటినుంచో ఉంది. ఫ్రెంచివాళ్ళు బుడగను సీసాలో బంధించారు, మనవాళ్ళు పొద్దెక్కేలోగా తాగేశారు, అంతే తేడా. కల్లుతో తెలంగాణ పల్లెల్లో ఏం తింటారో గుర్తు తెచ్చుకోండి. ఉడికించి కారం చల్లిన గుడాలు, వేయించిన చేప, బోటీ. ఉప్పూ కారమూ నూనే. వాళ్ళకు ఈ జోడింపు ఎవరూ నేర్పలేదు. నాలుకే నేర్పింది.

నాలుక చెప్పినదానికి కారణం కూడా ఉంది. నూనెలో వేగిన పదార్థం నోట్లో ఒక పూత పూస్తుంది. ద్రాక్షలోని పులుపూ, బుడగల గిలిగింతా కలిసి ఆ పూతను కడిగేస్తాయి. తరువాతి పకోడీ మళ్ళీ మొదటి పకోడీ అవుతుంది. ఉప్పు కూడా ఒక ఉపకారం చేస్తుంది, పానీయపు పులుపును కాస్త మెత్తబరుస్తుంది. ఖరీదైన హోటళ్ళలో దీనితో చేపగుడ్లు వడ్డిస్తారట. ఉప్పూ కొవ్వే కదా కావలసింది, ఉల్లిపకోడీలో అవి రెండూ ఉన్నాయి.

అయితే అన్నీ కుదరవు. నా ఇల్లంతా ఎదురుతిరిగినా ఈ మాట చెప్పక తప్పదు, మిరపకాయ బజ్జీ కుదరదు. మిరపలోని మంట నాలుకమీద ఏ గ్రాహకాన్ని రేపుతుందో మద్యం కూడా దాన్నే రేపుతుంది, పైగా బుడగలు గుచ్చుతాయి. తీపిలేని 'బ్రూట్' రకం గింజతీయని మిర్చితో తాగడమంటే మంటమీద పెట్రోలు పోయడమే. గింజ తీసి, లోపల చింతపండూ వామూ కూరిన బజ్జీ అయితే కొంత నయం. కాస్త తీపి ఉన్న సీసా అయితే ఇంకా నయం. ఇక్కడ ఒక చిక్కుంది. సీసామీద 'ఎక్‌స్ట్రా డ్రై' అని ఉంటే తీపి బొత్తిగా లేనిదనుకుంటాం. నిజానికి అది బ్రూట్ కంటె తియ్యన. బ్రూట్‌లో లీటరుకు 12 గ్రాములకు మించని చక్కెర, ఎక్‌స్ట్రా డ్రైలో 12 నుంచి 17, 'డెమీ సెక్' అంటే 32 నుంచి 50. మంచూరియాలాంటి తీపీపులుపూ సోయా కలిసిన వంటకానికి ఈ చివరిదే సరైన జోడు. పునుగులు, ఆలూబజ్జీ, చికెన్ పకోడీ, ఇరానీ హోటలు ఉల్లిసమోసా, లుఖ్మీ, వీటికి బ్రూటే. ఉస్మానియా బిస్కట్టుతో ఎలా ఉంటుందని అడగకండి. చాలా బాగుంటుంది, కానీ చాయ్‌కి ద్రోహం చేసినట్టుంటుంది.

ఫ్రెంచి సీసా కొనే స్తోమత మా వీధిలో ఎవరికీ లేదు. అవసరమూ లేదు. 1980లలోనే మహారాష్ట్రలోని నారాయణ్‌గావ్‌లో ఇండేజ్ అనే సంస్థ బుడగల వైను చేసి 'ఒమర్ ఖయ్యాం' పేరుతో పైదేశాలకు పంపింది. ఆ సంస్థ తరువాత చితికిపోయింది. నాశిక్‌లో సులా 2000లో తన తొలి వైన్లను విడుదల చేసింది. అదే నాశిక్ జిల్లా దిండోరిలో చేసే 'షాండాన్' 2013లో వచ్చింది. ఇవి తక్కువ ధరవేమీ కావు. నలుగురం హోటలుకు వెళ్ళి కడుపునిండా బిర్యానీ తింటే అయ్యేంత. నెలకొకసారి, ఎప్పుడైనా ఒక డబ్బింగ్ సీరియల్ బిల్లు మంజూరైన రోజున, ఆ బిర్యానీ మానేసి ఈ సీసా తెస్తాను. సీరియళ్ళకు పెదవుల కదలికను బట్టి మాటలు పేర్చే నా వృత్తిలో బిల్లు మంజూరు కావడం పండుగే.

ఒక విచారం మాత్రం ఉంది. ఈ సీసా నాశిక్ నుంచి రావాలా? అనాబ్-ఎ-షాహీ అనే ద్రాక్ష పందొమ్మిదో శతాబ్దం చివర హైదరాబాదు చేరి, ఈ నగరం పేరుతోనే దేశమంతా ప్రసిద్ధికెక్కింది. ఊరి చుట్టూ పందిళ్ళు ఉండేవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్షకోసమే పరిశోధనాకేంద్రం పెట్టారు. అది తినే ద్రాక్షేగాని ఆసవానికి తగినది కాదంటారు, నిజమే కావచ్చు. కానీ పందిళ్ళుంటే తగిన తీగెలూ ఎక్కేవేమో. పందిళ్ళున్న నేలమీద ఇప్పుడు హద్దురాళ్ళూ, అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి.

ఇక మొదటి కోపం. ఇంట్లోకి మందేమిటి? దీన్ని నవ్వి తోసేయలేను.

కింది వాటాలో ఉండే పెద్దావిడ, మేమంతా అత్తమ్మ అంటాం, ఒకసారి నా చేతిలోని సంచీ చూసి, "ఏంది బిడ్డా, మగోళ్ళు తాగింది చాలలేదా" అన్నది. ఆమె మాట వెనక ఎన్నేళ్ళున్నాయో నాకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, ఆ వాచకంలోని పాఠాలు చదివి, సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఊరూరా మోగింది. 1993 అక్టోబరులో ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. యూసఫ్‌గూడలో సినిమా వేడుకలు జరిగే ఇండోర్ స్టేడియం పేరు ఆయనదే. ఎందరికి గుర్తుందో గాని, ఆ పేరు వినగానే నాకు గుర్తొచ్చేది సారాబట్టీలే. 1995 జనవరిలో ఎన్.టి.ఆర్. సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అది పోయింది. ఆ తరువాతి కథ అంకెల్లో చెబితే చాలు. 2023లో తెలంగాణలో 2620 మద్యం దుకాణాల కోసం లక్షా ముప్పైవేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కొక్క దరఖాస్తుకు రెండు లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగిరాని సొమ్ము. అంటే సీసా మూత తీయకముందే ఖజానా నిండింది.

కాబట్టి అత్తమ్మ అడిగినదానికి 'ఇది మందు కాదు, వైను' అని జవాబు చెప్పడం మోసం. ఇదీ మందే. ఏ మోతాదూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. మా అమ్మమ్మ ఆయుర్వేదం దుకాణంనుంచి ద్రాక్షారిష్టం తెప్పించుకుని మూతతో కొలిచి తాగేది. అందులోనూ పులియడంవల్ల పుట్టిన మద్యం ఉంటుంది. ఆమెకది మందు, అసలైన అర్థంలో. నేను ఆ నెపం పెట్టుకోను. నాకిది రుచి, సంతోషం. అంతే.

నా వాదన వేరు. లెక్క చూడండి. పర్మిట్ రూములో నిలబడి ఒక మనిషి గొంతులో పోసుకునే క్వార్టరు 180 మిల్లీలీటర్లు. అందులో మద్యం 42.8 శాతం, అంటే దాదాపు 77 మిల్లీలీటర్లు. మా 750 మిల్లీలీటర్ల సీసాలో 12 శాతం లెక్కన 90. నలుగురు పెద్దవాళ్ళం రెండు గంటలు కబుర్లు చెప్పుకుంటూ, తింటూ పంచుకునేది, అక్కడ ఒకడు పది నిమిషాల్లో ఉప్పుసెనగలు నములుతూ ముగించేదానికి కాస్త ఎక్కువ. మన తాగుడులోని అసలు రోగం, నా దృష్టిలో, పానీయంలో కంటె ఈ తొందరలో ఉంది. చాటుగా, నిలబడి, తిండి లేకుండా, మత్తుకోసం మాత్రమే. తరువాత ఆ మత్తు ఇంటికి వస్తుంది. తాగింది బయట, దెబ్బలు తిన్నది ఇంట్లో. అత్తమ్మ ఇల్లు చూసింది ఆ రెండో సగాన్నే.

కల్లు దగ్గరుందిగా అంటారు కొందరు. ఉంది. కానీ 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్టుకల్లు దొరికే పల్లె నాకు దూరం. పౌడరు కలిపిన నీళ్ళు తాగి పోవడానికి నేను సిద్ధంగా లేను.

ఈ మాటలన్నీ అద్దె ఇంట్లోంచి రాస్తున్నాను. కృష్ణానగర్ నుంచి బోరబండ దాకా సినిమా పనివాళ్ళు, లైట్‌మన్‌లు, మేకప్ సహాయకులు, జూనియర్ ఆర్టిస్టులు ఇరుకుగదుల్లో ఉంటారు. ఇల్లు చూపించేటప్పుడే చాలామంది యజమానులు 'తాగుడు గీగుడు ఉండొద్దు' అంటారు. నేను అద్దెకు అడిగిన ఒక ఇంటాయన ఆ మాట ఆడవాళ్ళకు మరింత గట్టిగా చెప్పాడు, మగవాళ్ళకు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వులోని తేడాయే నా పట్టుదలకు మూలం. పక్కవాటా లైట్‌మన్ భార్య మొదటిసారి మా చాపమీద కూర్చున్నప్పుడు గ్లాసు ముట్టలేదు. భర్త తాగుతుంటే పకోడీ వడ్డించడమే తన పని అన్నట్టు కూర్చుంది. నాలుగో నెలలో, "అక్కా, నాకు రెండు గుక్కలు పొయ్యి, ఏముందో చూస్త" అంది. తాగి, సోడాలాగుందని పెదవి విరిచింది. మళ్ళీ ముట్టలేదు. కానీ ఆ రోజు పకోడీ ఆమె వడ్డించలేదు, భర్త లేచి వడ్డించాడు. నేనడిగే స్వేచ్ఛ ఇంతే. రుచి చూసి వద్దనగలగడం.

పెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. బండి నడిపి ఇంటికి వెళ్ళవలసినవాళ్ళకు గ్లాసు లేదు. ఇరవైయొకటి నిండనివాళ్ళకు లేదు, చట్టమూ అదే. ఒకటే సీసా, రెండోది ఉండదు. అది మా బలహీనతకు కాపలా కూడా, ఎందుకంటే తెరిచిన సీసా మర్నాటికి చప్పబడిపోతుంది. మెడలో చెంచా వేలాడదీస్తే బుడగలు నిలుస్తాయన్నది కట్టుకథ. ఆరేడు డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో కరెంటు పోతే బకెట్లో ఐసూ నీళ్ళూ ఉప్పూ వేసి పెట్టాలి. మూత పేల్చడం సినిమావాళ్ళకు వదిలేయండి, ఆ పీడనానికి బిరడా కన్నుమీద తగిలితే కన్ను పోతుంది. బిరడాను గట్టిగా పట్టుకుని సీసాను మెల్లగా తిప్పితే చిన్న నిట్టూర్పుతో వస్తుంది. పొడుగు గాజుగ్లాసులు లేకపోతే స్టీలు గ్లాసులు చాలు. బుడగలు కనబడవు, వినబడతాయి.

ఖాళీసీసాలు మాత్రం సమస్య. బీరుసీసాలు కొనుక్కుపోయే పాతసామాన్లవాడు వీటిని తిప్పితిప్పి చూసి, బరువెక్కువ, ఎవరూ తీసుకోరంటాడు. ఇప్పటికి తొమ్మిదయ్యాయి. రెండిట్లో అత్తమ్మ మనీప్లాంటు పెట్టుకుంది.