ఆఫీసు అడగని ఫోటో

మన హాస్టల్లో ఏ విద్యార్థి ట్రంకు పెట్టె తెరిచినా పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగైనా దొరుకుతాయి. అడ్మిషనుకు, స్కాలర్‌షిప్పుకు, బస్ పాసుకు అవి కావాలి. కానీ అమ్మ, నాన్న, తోబుట్టువులు అందరూ కలిసి దిగిన ఫోటో ఎంతమంది పెట్టెలో ఉంది? చిన్న ప్రశ్నే. జవాబు వెతికితే మాత్రం మన బతుకుల గురించి చాలా తెలుస్తుంది.

కుటుంబ ఫోటో అంటే ఎక్కడైనా తంటాయే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన తొలి క్రిస్మస్ గ్రీటింగ్ కార్డు అచ్చు వేయించాడు. దాని మధ్యలో విందు చేసుకుంటున్న కుటుంబం బొమ్మ, రెండు పక్కలా పేదలకు తిండి, బట్టలు ఇస్తున్న బొమ్మలు ఉంటాయి. ఇప్పుడు అమెరికాలో ఎన్నో కుటుంబాలు ఆ బొమ్మకు బదులు సొంత ఫోటోనే కార్డు మీద వేయించి డిసెంబరులో బంధువులకు పంపుతాయి. అందుకోసం ఒకే రంగు బట్టలు కొనాలి, ఏడ్చే పిల్లల్ని నవ్వించాలి, పోట్లాడుకున్నవాళ్ళు కూడా నవ్వుతూ నిలబడాలి. ఎలా కనిపిస్తామో అన్నది వాళ్ళ దిగులు. అందరం ఒకచోట ఎప్పుడుంటామో అన్నది మన దిగులు. ఆ కార్డులో మనలాంటివాళ్ళకు పక్క బొమ్మల్లోనే చోటు దొరికింది. చేయి చాచినవాడికీ ఒక కుటుంబం ఉంటుందని, వాళ్ళూ మధ్యలో కూర్చుని ఫోటో దిగవచ్చని ఎవరికీ తోచలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో తెల్ల రేషను కార్డు మీద కుటుంబమంతా కలిసి దిగిన ఫోటో ఉండేది. కూలి చేసుకునే ఎన్నో ఇళ్ళలో అదే మొట్టమొదటి కుటుంబ ఫోటో. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆ కార్డు విలువ ఇంకా పెరిగింది. ఫోటో కోసం ఇంటిల్లిపాదీ ఒకరోజు కూలి వదులుకోవాలి. ముంబైకో బెంగళూరుకో వలసపోయినవాళ్ళు చార్జీలు పెట్టుకుని రావాలి. హాస్టల్లో ఉన్న పిల్లవాణ్ణి పిలిపించాలి. ఫోటోలో లేకపోతే పేరు పోతుందేమోనని భయం. ఇంత భయంతో దిగిన ఫోటోలో నవ్వు ఎలా వస్తుంది?

2010లో ఆధార్ వచ్చింది. అందులో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఫోటో తీస్తారు. కలిసి నిలబడమని అడిగే ఆఫీసు కూడా లేకుండా పోయింది. సెల్‌ఫోన్లు వచ్చాయి కదా అనవచ్చు. నిజమే, మన ఫోన్ల నిండా మన సెల్ఫీలే. వాటిలో పొయ్యి దగ్గరున్న అమ్మ ఉండదు, పనిలో ఉన్న నాన్న ఉండడు. ఫోన్ పోయిందంటే ఉన్న నాలుగు ఫోటోలూ పోతాయి.

దీని ఫలితం ఇంట్లో ఎవరైనా చనిపోయినప్పుడు తెలుస్తుంది. దండ వేయడానికి ఫోటో వెతుకుతారు, దొరకదు. చివరికి రేషను కార్డులోంచో, ఆధార్ కార్డులోంచో ముఖం కత్తిరించి స్టూడియోలో పెద్దది చేయిస్తారు. వాళ్ళు దానికి ఎన్నడూ కట్టని చీరో, తొడగని కోటో అతికిస్తారు. జన్మంతా కష్టం చేసిన మనిషి ఆఫీసు కోసం బిగుసుకున్న ముఖంతో గోడమీద మిగిలిపోతుంది.

"మన మొకాలకు ఫోటోలెందుకురా" అంటారు మన పెద్దలు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందనేవాళ్ళూ ఉన్నారు. ఆయుష్షు మాట మూఢనమ్మకం, దాన్ని నవ్వి వదిలేయవచ్చు. కానీ మొకాల మాట వెనుక తరతరాల అవమానం ఉంది. దాన్ని వదిలేయకూడదు. అమెరికాలో బానిసగా పుట్టి 1838లో తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ పనిగట్టుకుని ఫోటోలు దిగాడు. ఆ శతాబ్దంలో ఆ దేశంలో అందరికన్నా ఎక్కువ ఫోటోలు ఆయనవేనని, దాదాపు 160 ఉన్నాయని పరిశోధకులు లెక్కించారు. నల్లవారిని వికారంగా గీసే బొమ్మలకు తన నిజమైన ముఖమే జవాబు అనుకున్నాడాయన.

అంబేద్కర్ ఫోటో మన హాస్టల్ గోడమీద రోజూ చూస్తాం. 1934 ఫిబ్రవరిలో బొంబాయి రాజగృహలో ఆయన కుటుంబంతో దిగిన ఫోటో ఒకటుంది. అందులో భార్య రమాబాయి, కొడుకు యశ్వంత్, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్, చివరికి పెంపుడు కుక్క టోబీ కూడా ఉన్నారు. అప్పటికే ఆ దంపతులు నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు మే 27న రమాబాయి కన్నుమూశారు. అంత పని ఒత్తిడిలోనూ ఆ ఒక్క ఫోటోకు తీరిక చేసుకున్నారు కాబట్టే ఆ తల్లిని ఈనాడు మనం ఆయన పక్కన చూడగలుగుతున్నాం.

అందుకే నాదొక సూచన. వార్షికోత్సవం నాడు మన గ్రూప్ ఫోటో కోసం ఫోటోగ్రాఫర్ ఎలాగూ వస్తాడు, తల్లిదండ్రులూ వస్తారు. ఆ రోజు ఒక గంట కేటాయించి వరండాలో రెండు కుర్చీలు వేసి ప్రతి కుటుంబాన్నీ ఫోటో తీయించాలి. కుర్చీల్లో అమ్మానాన్నలు కూర్చోవాలి, మనం వెనక నిలబడాలి. కొత్త బట్టల కోసం ఆగనక్కరలేదు. తల్లిదండ్రులు లేని తమ్ముళ్ళకు పెంచిన అమ్మమ్మో, చదివిస్తున్న అక్కో కుటుంబమే. రాలేనివాళ్ళు పండక్కి వలస నుంచి అందరూ ఊరికి చేరిన రోజున దిగాలి. కాపీ మాత్రం కాగితం మీద తీయించి, వెనుక అందరి పేర్లు, ఊరు, తేదీ రాసి పెట్టుకోవాలి. ఆ అక్షరాలు రాయగలిగేది చాలా ఇళ్ళలో మనమే.

మిత్రులారా, అడిగిన ఆఫీసుకల్లా ఇప్పటిదాకా ఫోటోలు ఇస్తూనే వచ్చాం. ఎవరూ అడగకుండా, ఏ కార్డుకూ అతికించనక్కరలేకుండా, మన కోసం మనం ఒకటి దిగుదాం. అందులోనైనా అమ్మను నవ్వమని చెబుదాం.