పార్వతీపురం చెప్పే రిజర్వేషన్ పాఠం

నియోజకవర్గాల పునర్విభజనపై చర్చ వచ్చిన ప్రతిసారీ ఎన్ని సీట్లు పెరుగుతాయి, ఎన్ని తగ్గుతాయన్న లెక్కలే ముందుకొస్తాయి. 2008లో రద్దయిన పార్వతీపురం లోక్‌సభ స్థానం చరిత్ర చూస్తే, సీటు సరిహద్దులతో పాటు గెలుపు నిబంధనలు కూడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

1957లో అది ద్విసభ్య నియోజకవర్గం: ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ. ఓటరుకు రెండు ఓట్లుండేవి, రెండూ ఒకరికే వేయడానికి వీల్లేదు. ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చినవారికి ముందు రిజర్వుడు సీటు ఇచ్చి, మిగతా అందరిలో ముందున్నవారికి జనరల్ సీటు ఇచ్చేవారు. బిడ్డిక సత్యనారాయణకు 1,26,792, డిప్పల సూరి దొరకు 1,24,604, వి.వి.గిరికి 1,24,039 ఓట్లు పడ్డాయి. మొదటి ఇద్దరూ గిరిజనులే. కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసిన గిరి 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

గిరి కోర్టుకెక్కారు. రిజర్వుడు సీటుకు నిలబడిన వ్యక్తికి జనరల్ సీటు ఎలా ఇస్తారన్నది ఒక వాదన. సూరి దొర కుటుంబం క్షత్రియ ఆచారాలు పాటిస్తోంది కనుక ఆయన గిరిజనుడే కాదన్నది మరొకటి. 1959లో సుప్రీంకోర్టు రెంటినీ తోసిపుచ్చి సూరి దొర ఎన్నికను ఖాయం చేసింది. రిజర్వేషన్ గిరిజనులకు కనీస హామీయే తప్ప గరిష్ఠ పరిమితి కాదన్నది ఆ తీర్పు సారాంశం.

రెండేళ్లకే, 1961లో ద్విసభ్య స్థానాల రద్దు చట్టం వచ్చింది. అప్పటికి లోక్‌సభకు అలాంటివి 91 ఉన్నాయి. ఇంత పెద్ద నియోజకవర్గాల్లో ప్రచారం తలకు మించిన భారమన్న మాట నిజమే. కానీ రిజర్వుడు సీటుతో పాటు అదే నియోజకవర్గంలో జనరల్ సీటూ గిరిజనులకే దక్కే దారి దాంతోపాటే మూసుకుపోయింది.

1962 నుంచి పార్వతీపురం ఎస్టీ ఏకసభ్య స్థానమైంది. సత్యనారాయణ, శత్రుచర్ల విజయరామరాజు, కిశోర్ చంద్రదేవ్ వంటివారు ఇక్కడి నుంచే ఢిల్లీ వెళ్లారు. 2008 పునర్విభజనలో దీనితో పాటు భద్రాచలం ఎస్టీ స్థానమూ పోయింది. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా పరుచుకున్న అరకు ఎస్టీ లోక్‌సభ స్థానం ఏర్పడింది. 2009లో అక్కడ తలపడిన ప్రధాన ప్రత్యర్థులు కిశోర్ చంద్రదేవ్, మిడియం బాబూరావు. ఒకరు పార్వతీపురానికి, మరొకరు భద్రాచలానికి చివరి ఎంపీలు! ప్రచారానికి పెద్ద నియోజకవర్గాలు పనికిరావన్న 1961 నాటి వాదన, ఏజెన్సీ కొండలను ఒకే సీటులో కలిపినప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

జనరల్ స్థానంలో గిరిజనుడు పోటీ చేయడానికి ఈనాటికీ చట్టం అడ్డుపడదు. పార్టీలు టికెట్లు ఇవ్వాలి, అంతే. సూరి దొరకు న్యాయస్థానం ఒప్పుకున్న హక్కును ఇప్పుడు కాగితానికే పరిమితం చేస్తున్నది ఆ పార్టీలే.