పొలం చీలింది, పేరు చీలలేదు

వైన్ తాగమని కాదు గానీ, స్పెయిన్ ద్రాక్ష రైతుల సంగతి ఒకటి చెప్పాలనిపించింది.

ఆ దేశానికి వాయవ్య మూలన గలీసియా ఉంది. వానలెక్కువ. తడికి గుత్తులు కుళ్ళకుండా, కింద గాలి ఆడేలా రాతి స్తంభాల మీద పందిరి వేసి అల్బరీన్యో అనే తెల్ల ద్రాక్ష పెంచుతారు. తరతరాల పంపకాల్లో అక్కడా పొలాలు చిన్న చిన్న ముక్కలైపోయాయి. ఎవరి ఇంటికి వాళ్ళు వైన్ చేసుకునేవాళ్ళు. 1986లో కంబాడోస్ ఊళ్ళో కొందరు రైతులు కలిసి మార్టిన్ కోడాక్స్ అని సొంత వైన్ కంపెనీ పెట్టుకున్నారు. 1988లో ఆ ప్రాంతం వైన్‌కి రియాస్ బైషాస్ అనే పేరుతో చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. బయటి ద్రాక్షతో చేసి ఆ పేరు పెట్టడానికి వీల్లేదు.

దక్షిణాన హెరెజ్‌లో పద్ధతి వేరు. పీపాలు వరసల మీద వరసలు. అమ్మకానికి అడుగు వరసలోంచి కొంతే తీస్తారు. తీసినంతా పై వరస నుంచి నింపుతారు. కొత్తది అన్నిటికన్నా పై వరసలో పోస్తారు. ఏ పీపా పూర్తిగా ఖాళీ చెయ్యరు. అందుకే తాత చేసినదాంట్లో ఓ చుక్కైనా మనవడి సీసాలోకి వస్తుంది.

నన్నడిగితే కుటుంబ పరంపర అంటే ఇంటి రహస్యం కాదు, ఒక ఏర్పాటు. అన్నదమ్ములు పొలం పంచుకోక తప్పదు. అమ్మకం కూడా పంచుకోవాలని ఎక్కడ రాసుంది? మనం మాత్రం ఎవరి బస్తాలు వాళ్ళం మోసుకెళ్ళి, కాటా దగ్గర ఒంటరిగా నిలబడుతున్నాం. ఆలోచించండి.