ఇంటిపాటకు స్టూడియో యేల?

"పాట నిలుపదలచినచో స్టూడియోకు పోవలెను, ఇంట పట్టుట పిల్లలాట" అని మన విద్యావంతులలో ననేకులు నేటికిని వాదించుచున్నారు. ఈ వాదము సంగీతముమీది గౌరవమువలె కనబడును గాని, ఫలమునుబట్టి విచారించినచో నిది మన యిండ్లలోని స్త్రీల కంఠములకు వేసిన బీగము.

మా యత్తగారికి అప్పగింతపాటలు, సువ్విపాటలు పదులకొలది వచ్చియుండినవి. అవి యెచ్చటను వ్రాసినవి కావు, తల్లివలన నేర్చినవి. వానిని రికార్డు చేయింతమని పట్టణములోని యొక స్టూడియోను విచారించితిమి. గంటకింత యని వెల చెప్పి, తాళము తప్పనివారినే తీసికొనిరండనిరి. అత్తగారది విని "నా పాటకంత పరీక్షెందుకే?" యని నవ్వి యూరకుండిరి. మేమును "తరువాత చూతము" అనుకొంటిమి. ఆ తరువాత రాలేదు. ఆమెతో నా పాటలును పోయినవి. అప్పుడు నా చేతిలో సెల్‌ఫోను ఉండెను! తప్పు స్టూడియోవారిది కాదు, నాది.

ఇంట పట్టినదెల్ల నాసిరకమనువారు చరిత్ర నెరుగరు. లెస్ పాల్ అను నమెరికా గిటారు విద్వాంసుడు హాలీవుడ్‌లో తన యింటి గ్యారేజినే స్టూడియోగా మార్చుకొని, గిటారు భాగములన్నిటిని తానొక్కడే యొకదానిపై నొకటి చేర్చి 1948లో 'లవర్' అను రికార్డు వెలువరించెను. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని యద్దెయింట నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రముపై మాదిరికై పాడుకొన్న పాటలను, పిమ్మట వాద్యబృందముతో మరల పాడిచూచి తృప్తి లేక, ఆ క్యాసెట్టులోనివానినే 1982లో 'నెబ్రాస్కా' యను పేర ప్రకటించెను.

"కులస్త్రీలు గొంతు నలుగురికి వినిపింతురా?" యను ప్రశ్న యింకొకటి. 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడినది. (అదియు స్టూడియో కాదు, అప్పటికి సర్దిన హోటలుగది.) మర్యాదస్థులనబడినవా రామె రికార్డులను కొని వినిరి, తమ కూతుండ్రను మాత్రము పాడనీయరైరి. ఆ కపటమే నేడు 'నాణ్యత' యను పేరు పెట్టుకొని వచ్చినదేమో యని నా యనుమానము.

ఉపాయము స్వల్పము. నున్నని గోడలకు తగిలిన ధ్వని మరలివచ్చి పాటను మసక చేయును. బట్టల బీరువా తెరిచి, బొంతలు వ్రేలాడదీసినచో చాలవరకు తగ్గును. బొంతలు వీధి రొదను మాత్ర మాపలేవు. దానికి వేకువజామే మందు. గ్రుడ్ల అట్టలు గోడల కంటించువారిది వృథాశ్రమ. పంకా ఆపవలెను. మైకును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుంచినచో పకార బకారముల యూపిరి దానిని కొట్టదు.

నా పక్షమువారితోడను నాకొక తగవు కలదు. స్వరము సరిదిద్దు ఆటోట్యూన్ 1997లో వచ్చినది మొదలు, చేతికి దొరికిన గొంతునెల్ల సాపు చేయు వెర్రి బయలుదేరినది. బిగించి ప్రయోగించినచో నా యంత్రము ప్రతి ధ్వనిని దగ్గరి స్వరస్థానమునకు లాగును. గమకము దానికి తప్పుగా తోచును. ముసలమ్మల కంఠములను దానికి అప్పగింపకుడు.

మా పినతల్లిగారికి గొబ్బిపాటలు వచ్చును. ఈ ఆదివారము వేకువనే పంకా ఆపి, ఆమెను బీరువాముందు కూర్చుండబెట్టెదము. మనుమలు నవ్వుదురు, నవ్వనిండు, ఆ నవ్వును అందులో పడనిండు.