మోటారుబండి మొఱ

మోటారుబండి నడుపువారిలో ననేకుల కొక దురభ్యాసము కలదు. ఇంజనునుండి క్రొత్త చప్పుడేదైన వినవచ్చినచో వారు రేడియోపాటను హెచ్చించెదరు. చప్పుడు పోదు, వినబడుట మాత్రము మానును. మఱికొందఱు భయపడి బండిని తిన్నగా షెడ్డునకు గొనిపోయి, "ఏదో చప్పుడు వచ్చుచున్నది, చూడుడు" అని విడిచి వత్తురు. అచ్చట నొక భాగము మార్చుదురు. తగ్గనిచో నింకొకటి మార్చుదురు. సొమ్ము మాత్రము రెంటికిని చెల్లింపవలెను. ఈ రెండు త్రోవలును మంచివి కావని మా యభిప్రాయము. వినుట యొక విద్య. దానిని మన పాఠశాలలో నేర్పవలెననియు, ఇదివఱకే యెఱిగినవారిని మనము గౌరవింపవలెననియు వ్రాయుటకే ఈ పుటలను గోరితిమి.

జల్‌పల్లివారికిది పుస్తకములలోని సంగతి కాదు. పహాడీషరీఫు మీదుగా శ్రీశైలము పోవు మార్గమును, కాటేదాను కార్ఖానాలును మనకు సమీపముననే యున్నవి. 2008వ సంవత్సరమున శంషాబాదులో విమానాశ్రయము తెఱువబడినది మొదలు టాక్సీల రాకపోకలు రేయింబవళ్లు సాగుచున్నవి. బండ్లున్నచోట షెడ్లుండును గదా! హైదరాబాదునకు మోటారు క్రొత్తయు కాదు. 1912 నాటి పసుపువన్నె రోల్స్‌రాయిస్ కారు చౌమహల్లా ప్రాసాదమున నేటికిని చూడవచ్చును. నిజాము ప్రభుత్వ రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖ నారంభించిరి. ఆ బండ్లకు వైద్యము చేసినవారి యొద్ద కంప్యూటరు లేదు; చెవియు, చేయియు, ఓర్పును మాత్రమే యుండెను.

వైద్యమనుట అలంకారమునకు కాదు. ఆస్ట్రియా దేశపు వైద్యుడగు ఔయెన్‌బ్రుగ్గర్ రోగి ఱొమ్మును వ్రేళ్లతో తట్టి, ఆ ధ్వనినిబట్టి లోపలి వ్యాధిని గుర్తించు పద్ధతిని 1761లో ప్రకటించెను. ఆయన తండ్రి పూటకూటియిల్లు నడుపువాడనియు, ద్రాక్షారసపు పీపాలు ఎంతవఱకు నిండియున్నవో తట్టి తెలిసికొనుటను చూచియే కుమారునికీ యూహ కలిగెననియు చెప్పుదురు. 1816లో ఫ్రాన్సుదేశపు లాయెనెక్ కాగితమును గొట్టముగా చుట్టి హృదయధ్వనిని వినెను; స్టెతస్కోపునకు మూలమదియే. మన ఉస్తాదు పొడుగుపాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై నానించి, పిడిని చెవియొద్ద నుంచుకొనుట ఈ విద్యయే. ఒకరిని డాక్టరుగారందుము, రెండవవానిని "ఒరేయ్" అని పిలుతుము.

ఇక వినవలసిన తీరు. మొదట ఆయిలు గేజి తీసి చూడవలెను. ఆయిలు తక్కువైనచో తక్కిన పరీక్షలన్నియు దాని తరువాతనే. పిమ్మట ప్రశ్నలు: చప్పుడు చల్లని ఇంజనులోనా, వేడెక్కినపిదపనా? బండి నిలిచియున్నప్పుడును వచ్చునా? ఇంజను వేగముతో హెచ్చునా, చక్రముల వేగముతోనా? బండి కదలనప్పుడు మౌనముగానుండి, పరుగుతో హెచ్చు హోరు తఱచుగా చక్రపు బేరింగుదో టైరుదో యగును. దానికై ఇంజనును విప్పించుకొన్నవారు కలరు!

చప్పుడు ఇంజనుదే యైనచో దాని లయను పట్టవలెను. ఇందులో చక్కని గణితము కలదు. మన కార్ల ఇంజనులలో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినగాని ఒక వాల్వు ఒకమాఱు తెఱచుకొనదు. బండి నిలిచి, ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ట్యాపెట్టు సందు హెచ్చిన వాల్వొకటి నిమిషమునకు 400 మాఱులు టిక్కుమనును. కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగినచో ప్రతిచుట్టునకును, అనగా 800 మాఱులు, లోతుగా ఠక్కుమనును. లెక్కింప శక్యము కాకున్నను, మన కీర్తనలలో తాళము వేయువారికి ఆ రెట్టింపు లయ తెలియకపోదు. మొదటిదానికి కొన్నిదినములు వ్యవధి యుండవచ్చును. రెండవది వినబడినచో బండిని వెంటనే ఆపవలెను. ఇంటికి పోయి చూతమనుకొన్నచో రాడ్డు విఱిగి ఇంజను ప్రక్కను పగులగొట్టుకొని బయటికి రావచ్చును. చల్లగానున్నప్పుడు కొట్టుకొని, వేడెక్కగానే తగ్గునది పిస్టనుది కావచ్చును. పిస్టను వ్యాకోచించి సందు పూడ్చుకొనును. ఏసీ వేయగానే కీచుమనునది సామాన్యముగా బెల్టు.

గత చలికాలమున మన పాఠశాల వ్యానున కుదయమున టిక్కుటిక్కుమను ధ్వని బయలుదేఱెను. నగరములోని యొక షెడ్డువారు ట్యాపెట్లు పోయినవి, హెడ్డు దింపవలెననిరి. ఆ మొత్తము పిల్లల రుసుములనుండియే రావలసినది. మన వీథికొననున్న ఉస్తాదు వచ్చి, "రేపు తెల్లవాఱుజామున వచ్చెదను, అంతవఱకు ఇంజను నంటవల"దనెను. మఱునాడు చల్లని ఇంజనును నడిపించి వినెను. వేడెక్కనిచ్చి మరల వినెను. ధ్వని తగ్గెను. టార్చి వేసి సైలెన్సరుగొట్టము ఇంజనుతో కలియుచోట నల్లని మసిగీతను మాకు చూపెను. అచ్చటి ప్యాకింగు చెడి పొగ చిమ్ముటయే యా టిక్కు. ఇనుము వేడెక్కి వ్యాకోచించినపుడు సందు మూసికొనుచుండెను. ప్యాకింగు మార్చగానే ధ్వని పోయెను. బాలుడైన సమూయేలు తన్ను పిలిచిన స్వరమును మూడుమాఱులు వినియు నది యెవరిదో యెఱుగడయ్యెను. వృద్ధుడగు ఏలీ చెప్పవలసివచ్చెను. వినుట వేఱు, ఎఱుగుట వేఱు.

ధ్వనికి కారణము నడుగక నోరు మూయించుటవలన కలుగు కీడునకు చరిత్రలో పెద్ద సాక్ష్యము కలదు. ఎత్తు నెక్కునపుడు పెట్రోలు ఇంజనులో కొన్నిమాఱులు చిటపటమను శబ్దము వచ్చును. మంట చేరకమునుపే ఆవిరి తనంతట తాను అంటుకొనుట దీనికి హేతువు. 1921లో అమెరికాలోని జనరల్ మోటార్సు పరిశోధనాలయమున థామస్ మిడ్జిలీ అనునాయన సీసముతోడి ద్రవ మొకదానిని కలిపిన ఆ శబ్దమణగునని కనుగొనెను. మద్యసారమును ఆ పని చేయునని తెలిసియు లోకము సీసమునే కొనెను. ఇంజనులు నిశ్శబ్దమైనవి, సీసము గాలిలో కలిసి పసిపిల్లల మెదళ్లకు హాని చేసెను. మనదేశమున నట్టి పెట్రోలు అమ్మకము 2000వ సంవత్సరమున నిలిచినది. లోకములో చివరగా అల్జీరియాలో 2021న నిలిచినది.

"ఇప్పుడు కార్లలోనే కంప్యూటరున్నది, చెవితో పనియేమి?" అని కొందఱు తలిదండ్రు లడుగుదురు. ఆ చిటపటను వినుటకు క్రొత్త ఇంజనులలో సెన్సారు కలదు, మేలే. కాని చెడిన ప్యాకింగును, చక్రపు బేరింగును చెప్పుటకు దానికి నోరు లేదు.

మా మనవి యసలు వేఱొకరిని గూర్చినది. మన తరగతులలో వెనుకబల్లపై కూర్చుండు పిల్లలు కొందఱున్నారు. సాయంకాలము తండ్రియొద్దనో అన్నయొద్దనో షెడ్డులో నిలుచుందురు. వ్యాసము వ్రాయలేరు, అయినను వీథిలో పోవు ఆటో ధ్వనినిబట్టి దాని జబ్బు చెప్పగలరు. మనము వారికి మందబుద్ధులని పేరిడితిమి. ఆ మాట నమ్మి, తొమ్మిదవ తరగతిలో బడి విడిచి, పానా పట్టినవారెందఱో! షెడ్డుపనిని పిల్లలకు మేము పొగడుటలేదు. పదునాలుగేండ్ల లోపువారిని ఏ యుద్యోగమునను పెట్టరాదని 2016 నాటి చట్టసవరణ శాసించుచున్నది, అది న్యాయము. వారి చెవికి బడిలో చోటులేకపోవుటయే మా దుఃఖము.

కావున ధ్వనిపాఠమును ఒకదినమైనను వ్యాను ప్రక్కన చెప్పుదము. చుట్టును గాలియాడు బయలునందే చెప్పవలెను, ఏలయన మూసిన షెడ్డులోని పొగ ప్రాణాంతకము. పిల్లలను బెల్టునకు, ఫ్యానునకు దూరముగా నిలుపవలెను. విన్నదానిని ఎప్పుడు, ఎచ్చట, ఏ లయతో అని వారు మంచి తెలుగులో వ్రాయవలెను. తెలుగు మార్కులును అందుండి యీయవచ్చును. దుస్తులకు మడ్డి అంటునని సహోపాధ్యాయులొకరు శంకించిరి. ఉతికిన పోవును. ఆ దినమున ఉస్తాదుగారిని పిలిచి, పరీక్షాధికారికి వేయు చేతులకుర్చీనే వారికిని వేయుదము. ప్రధానోపాధ్యాయులవారు అనుమతించినచో సంక్రాంతి సెలవులకు ముందే ఇది జరుపుటకు మేము సిద్ధముగా నున్నాము.